దాచిపెట్టిన కాగితం

నా బతుకులో నేను చేసిన అన్నిటికన్నా తెలివితక్కువ పని మంచి కాగితం దాచడం. దాచింది కాగితం ఒక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు. దాంతోపాటు రంగులు దాచాను, కుంచెలు దాచాను, ఆఖరికి చెయ్యి కూడా దాచుకున్నాను. డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసినన్నాళ్లూ బొమ్మలు వెయ్యలేదని కాదు. రోజూ వేశాను. అన్నీ నాసిరకం కాగితం మీద వేశాను, నాసిరకం కాగితానికి సరిపడేంతే వేశాను.

ఉద్యోగం వచ్చిన కొత్తలో మా గురువుగారు ఒక కట్ట వాట్మన్ షీట్లు నా చేతిలో పెట్టారు. ఇంగ్లండులో చేత్తో తీసిన కాగితం. అప్పటికే ఆ రకం తయారీ ఆగిపోయింది. ఆయన దగ్గరున్నవి ఏ కాలం నాటివో, మద్రాసులో ఎవరి దగ్గర సంపాదించారో నేను అడగలేదు. దళసరిగా, కాస్త గరుకుగా, అంచులు కత్తిరించకుండా ఉండేవి. వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే కాగితం లోపల కంపెనీ పేరు నీడలా కనిపించేది. అటువంటి కాగితం మీద ఎన్ని నీళ్లు పారించినా పీచు లేవదు. రంగు పైనే నిలబడి మెల్లగా ఆరుతుంది. తప్పొస్తే తడిగుడ్డతో అద్ది ఎత్తేసుకోవచ్చు. "మంచి బొమ్మకి వాడుకో బాబూ" అన్నారాయన. ఆ మాట నా గుండెల్లో ఉండిపోయింది. మంచి బొమ్మ వెయ్యగల చెయ్యి నాకు వచ్చాకే వీటిని ముట్టుకోవాలి అని నిర్ణయించుకున్నాను. మా నాన్న రేకుపెట్టెలో అడుగున వేపాకు వేసి, పాత పంచె పరిచి, వాటిని పడుకోబెట్టాను.

తర్వాత కలకత్తా వెళ్లినప్పుడు రంగులు కొన్నాను. మా శ్రీకాకుళం వైపు వాళ్లకి కలకత్తా, ఖరగ్‌పూర్ పరాయి ఊళ్లు కావు. రైల్వేలోనో, జనపనార మిల్లుల్లోనో ఎవరో ఒక బంధువు ఉంటాడు. మా చిన్నాన్న ఇంట్లో దిగి, ఒక నెల జీతంలో చాలా భాగం పెట్టి విన్సర్ న్యూటన్ ట్యూబులు, అసలైన సేబుల్ వెంట్రుకల కుంచె ఒకటి కొని, ఆమదాలవలసలో రైలు దిగాను. అవీ పెట్టెలోకే వెళ్లాయి. బడికి కేమెల్ రంగు బిళ్లలు, చార్టు పేపరు చాలనుకున్నాను.

బళ్లో డ్రాయింగ్ మాస్టారు పని ఎలా ఉంటుందో ఆ పని చేసినవాళ్లకి తెలుసు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే డ్రాయింగ్ పీరియడు లెక్కల మాస్టారికి వెళ్లిపోతుంది. మనం ఆగస్టు పదిహేనుకి స్టేజీ వెనక తెర రాయాలి, సైన్సు ఫెయిర్‌కి గుండె బొమ్మ వెయ్యాలి, ఎన్నికలొస్తే గోడల మీద ఓటు నినాదాలు రాయాలి. పిల్లల్ని లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలకి తయారుచెయ్యాలి. కుండ, బకెట్టు, పుస్తకాల దొంతర, వాటి నీడలు. ఇదంతా నేను ఇష్టంగానే చేశాను. నా దగ్గర చదివిన పిల్లల్లో కొందరు డ్రాయింగ్ మాస్టార్లయ్యారు, ఒకరిద్దరు సినిమా సెట్లకి పనిచేశారు. నా బాధ బడి గురించి కాదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఏం చేశానన్నదాని గురించి.

సాయంత్రాలు ఫోటోలు పెద్దవి చేశాను. చనిపోయినవాళ్ల ఫోటో తెచ్చి, గోడకి తగిలించేంత బొమ్మ కావాలని అడిగేవారు. ఫోటో మీద గళ్లు, కాగితం మీద అంతకి నాలుగైదు రెట్ల గళ్లు, ఒక్కో గడిలో ఉన్నదాన్ని ఎదురుగడిలోకి దించడం. నల్లపొడి అద్ది, కాగితం చుట్టతో రుద్ది బుగ్గలు నునుపు చెయ్యడం. గళ్ల పద్ధతిలో తప్పు పోదు. అదే దాని సుఖం. ఫ్లెక్సీలు వచ్చేదాకా ఈ పని మా ఊళ్లలో మాస్టార్లందరికీ ఉండేది. డబ్బు కోసమే చేశానని చెప్పుకోవడం తేలిక, కానీ నిజం అది కాదు. తప్పు పోదన్న ధీమా కోసం చేశాను.

శ్రీకాకుళంలో బొమ్మ నేర్చినవాడికి వపా గారి నీడ తప్పదు. వపా అంటే వడ్డాది పాపయ్యగారు. ఆయన 1921లో ఇక్కడే పుట్టారు, వాళ్ల నాన్నగారు కూడా డ్రాయింగ్ మాస్టారే. నేను ఆయన 'చందమామ' ముఖచిత్రాలు, 'యువ' బొమ్మలు కత్తిరించి ఫైల్లో పెట్టుకుని, గళ్లు గీసి, అవే మళ్లీ మళ్లీ వేశాను. ఆ పలచని రంగుల పొరలు, మంచులోంచి నడిచొస్తున్నట్టుండే ఆడవాళ్లు, ఒడ్డాణం మీద ఒక్క వెలుగుచుక్క. పొరలెన్ని వేశారో లెక్కపెట్టడానికి భూతద్దం పెట్టుకున్నాను. కానీ కళ్ల ముందున్న ఒక్క విషయం చూడలేకపోయాను. ఆయన అవన్నీ పత్రికల కోసం వేశారు. నెల తిరిగేసరికి బొమ్మ ప్రెస్సుకి చేరాలి. పత్రిక ఆగదు. సిద్ధమయ్యాక వేద్దామనుకునే తీరిక ఆయనకి ఎప్పుడూ లేదు. 1992లో పోయేదాకా వేస్తూనే ఉన్నారు. ఆయన వేసినవి రైల్వే స్టేషన్లలో అమ్ముడయ్యాయి, పిల్లల చేతుల్లో చిరిగాయి, మా ఇళ్లలో గోడకి అంటించుకున్నాం. నేను ఆ చిరుగులకి టేపు వేసి దాచాను. ఆయన్నుంచి నేర్చుకోవలసింది వదిలేసి దాచడమే నేర్చుకున్నాను.

రాజమండ్రిలో చిత్రకారులు దామెర్ల రామారావుగారు 1897లో పుట్టి 1925లో మసూచితో పోయారు. ఇరవై ఏడేళ్లు. ఆ వయసుకి ఆయన పేరున ఒక చిత్రశాల పెట్టేంత పని ఉంది. ఈ కథ నేను ప్రతి సంవత్సరం తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పేవాణ్ణి. చెప్పి ఇంటికొచ్చి పెట్టె మూత తీసి కాగితాలు తిరగేసి, మళ్లీ మూసేవాణ్ణి.

ఇంకో సంగతి చెప్పడానికి నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. అంట్యాకుల పైడిరాజుగారు 1919లో బొబ్బిలిలో పుట్టి, మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్‌చౌదరి దగ్గర చదువుకుని, మళ్లీ మన ప్రాంతానికే వచ్చి విజయనగరంలో చిత్రకళ నేర్పారు. పల్లె ఆడవాళ్లని, మన పండగల్ని, మన రంగుల్ని కాన్వాసు మీదికి ఎక్కించారు. ఆయన దగ్గరికి బస్సెక్కి వెళ్లే దూరం. నేను వెళ్లలేదు. చూపించడానికి చేతిలో ఒక మంచి బొమ్మ ఉన్నప్పుడు వెళ్దామనుకున్నాను. 1986లో ఆయన పోయారు. పేపర్లో చదివి ఆ రోజు బళ్లో పాఠం చెప్పలేకపోయాను.

ఉద్యోగం మొదట్లో కొన్నేళ్లు సీతంపేట వైపు ఏజెన్సీలో పనిచేశాను. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా, అప్పుడు మా శ్రీకాకుళం జిల్లానే. ఒక సవర పిల్లాడు చాలా రోజులు బడికి రాకపోతే వాళ్ల ఊరికి వెళ్లాను. ఆ ఇంట్లో మొదటిసారి గోడ మీద ఎడిసింగ్ చూశాను. ఎర్రమట్టితో అలికిన గోడ, దాని మీద బియ్యప్పిండి నీళ్లతో తెల్లటి బొమ్మ. చివర నమిలి మెత్తన చేసిన పుల్లే కుంచె. చుట్టూ నాలుగు పలకల అంచు, ఆ అంచు ఇంటికి హద్దు. లోపల సూర్యుడు, చంద్రుడు, గుర్రాల మీద మనుషులు, ఏనుగు, చెట్టు, దువ్వెన, వరసగా చేతులు పట్టుకున్నవాళ్లు. ఎదురుగా ఒక చిన్న కుండ వేలాడదీసి ఉంది. గుడ్డిదీపం వెలుగులో ఆ బొమ్మ కదులుతున్నట్టుంది. పిల్లాడికి జ్వరం. జ్వరం తగ్గాలని, ఇంటి పెద్దల ఆత్మలు శాంతించాలని ఆ బొమ్మ రాయించారు.

మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఇలాంటి గోడల గురించే 1955లో అచ్చయిన తన పుస్తకంలో వివరంగా రాశాడని తర్వాత చదివాను. అంతకు ముందే మన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ మనుషుల భాష నేర్చి నిఘంటువు కట్టారు. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా మా జిల్లాయే. అంత దగ్గర్లో అంత పని జరిగిన చోట, నేను నిలబడి ఏం చేశాను? గుర్రం కాళ్ల కొలత సరిగ్గా లేదనుకున్నాను. జేబులోంచి హాజరు పట్టీ తాలూకు కాగితం తీసి, దాని వెనక ఆ బొమ్మని 'సరిచేసి' గీసుకున్నాను. రేకుపెట్టెలో వాట్మన్ షీట్లున్నాయి, అవి తెచ్చి ఆ గోడ ముందు ఒక పూట కూర్చుంటే నా చెయ్యి ఏమయ్యేదో. అప్పట్లో ఆ ఆలోచనే రాలేదు. పిండిబొమ్మకి అంత కాగితమా?

ఆ ఇంటి పెద్దాయనతో మంచి మనసుతోనే ఒక మాట అన్నాను. "ఈ పిండి ఎన్నాళ్లుంటుంది తాతా, పొగకి నల్లబడిపోతుంది. ఎనామిల్ పెయింటు తెస్తాను, దాంతో రాయించు, మీ మనవల కాలం దాకా ఉంటుంది" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, వచ్చీరాని తెలుగులో అడిగాడు. "మల్లీ జొరమొస్తే యే గోడ మీద రాత్తావు మేస్టరూ?"

నాకు జవాబు తెలియలేదు. ఆ మాట అర్థమైందని కూడా అప్పుడు అనుకోలేదు. పిల్లాడు కోలుకుని బడికొచ్చాక వాడిచేత బొమ్మ వేయించాను. వాడు కాగితం నాలుగు వైపులా అంచు గీసి, అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తున్నాడు. సవర గోడల మీద పని జరిగేదే అలా. నేను ఆ గీతలు చెరిపించి, ముందు మధ్యగీత గియ్యి, తర్వాత దానికి అటూ ఇటూ సమానంగా తూచి వెయ్యి అని చెప్పాను. వాడు చెప్పినట్టే చేశాడు. నేను మంచి మార్కులు వేశాను. వాడిచేత అంచు చెరిపించడం నేను చేసిన పనుల్లో మరిచిపోలేనిది. ఆ హాజరు పట్టీ కాగితం ఏమైందో తెలియదు, దాని మీద గీసిన బొమ్మ నాదీ కాదు, వాళ్లదీ కాదు.

ఇక మా అమ్మ.

మా అమ్మ రోజూ నా ఎదుటే ఉంది. వంశధార ఒడ్డున మా ఊళ్లో, తర్వాత నా దగ్గర. ముక్కుకి రెండు పక్కలా పుడకలు, మధ్యలో బులాకీ, కొప్పులో ఎప్పుడూ ఏదో ఒక ఆకో పువ్వో. సంక్రాంతి నెలలో చుక్కలు లేకుండా చేత్తో పిండి జారవిడిచి ఇంటి ముందంతా ఒకే ఊపులో ముగ్గు తిప్పేది. అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతుంటే మెడ వంగిన తీరు, భుజం మీద వెలుగు పడే తీరు చూసి, ఇది వాట్మన్ మీద వెయ్యాలి అనుకునేవాణ్ణి. ఎన్నిసార్లు అనుకున్నానో. ప్రతిసారీ వచ్చే ఏడాదికి నా చెయ్యి ఇంకొంచెం బాగుపడుతుంది, అప్పుడు వేద్దాం అని వాయిదా. అమ్మ బొమ్మ కదా, పాడైపోతే? ఆమే ఒకసారి అడిగింది, "ఊరందరికీ రాత్తావు కదరా, నాకు రాయవేటి?" అని. "రాస్తానమ్మా, మంచిది రాస్తాను" అన్నాను.

పోయింది. పన్నెండో రోజుకి గోడకి పెట్టడానికి బొమ్మ కావాలి. నేనేం చేశానంటే, రేషన్ కార్డు కోసం తీయించిన ఫోటో తీసి, దాని మీద గళ్లు గీశాను. ఊళ్లో అందరి తల్లులకీ చేసినట్టే మా అమ్మకీ చేశాను. ఫోటోలో ఆమె బెదిరినట్టుంది, ఎప్పుడూ అలా ఉండేది కాదు. దాన్ని తప్పు పోకుండా నాలుగింతలు పెద్దది చేశాను. చూసినవాళ్లు అచ్చం అలాగే ఉందన్నారు.

కర్మలయ్యాక ఒక రాత్రి, ఫోటో లేకుండా గుర్తున్నంతలో వేద్దామని కూర్చున్నాను. మెడ వచ్చింది, భుజం వచ్చింది. ముంజేతి మీద పచ్చబొట్టు దగ్గర ఆగిపోయాను. పుట్టినప్పట్నుంచీ ఆ చెయ్యి నాకు అన్నం పెట్టింది. ఆ పచ్చబొట్టు మీద వేలు పెట్టి ఆడుకున్నాను. కానీ ఏ బొమ్మో గుర్తు రాలేదు. మా అప్పని అడిగితే తులసికోట అంది. మావయ్యని అడిగితే తేలు అన్నాడు. పదిమంది పిల్లలకి చూసి గియ్యడం నేర్పిన మనిషిని, నా తల్లి చేతి మీద ఏముందో చూడలేదు. ఆ రాత్రి ఎంత ఏడ్చానో మా ఇంటావిడకి తెలుసు.

ఇంత జరిగాక అయినా పెట్టె తెరవాలి కదా. తెరవలేదు. రిటైరయ్యాక ఇక అంతా తీరికే, అప్పుడు ఏకాగ్రతతో వేస్తాననుకున్నాను. దుఃఖం కూడా నాకు బుద్ధి చెప్పలేకపోయింది. ప్రతి ఏడూ దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో సిరిమాను ఉత్సవం చూడ్డానికి వెళ్లేవాణ్ణి. చింతమాను చివర పూజారి కూర్చుని చదురుగుడి నుంచి కోట దాకా ముమ్మారు తిరగడం, ముందు పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, ఆ జనసముద్రం. చేతిలో స్కెచ్‌బుక్కు ఉండేది కాదు. అక్కడ వర్షం పడుతుంది, తోపులాట ఉంటుంది, మంచి కాగితం తడిసిపోతుంది. మామూలు కాగితం తీసుకెళ్లడానికి మనసొప్పదు. కాబట్టి ఏ కాగితమూ లేకుండా వెళ్లి, చూసి, వచ్చేవాణ్ణి.

2012లో రిటైరయ్యాను. సన్మానం, శాలువా అయ్యాక మంచిరోజు చూసి పెట్టె తెరిచాను. కుంచె వెంట్రుకల్ని పురుగు మొదలంటా కొరికేసింది, కర్ర మాత్రం మెరుస్తోంది. ట్యూబుల్లో రంగులు రాళ్లయిపోయాయి. అవి పర్లేదు, ట్యూబు కోసి ముక్కని నీళ్లలో నానబెడితే నీటిరంగు మళ్లీ కరుగుతుంది. కరిగింది. కాగితం దగ్గరే గుండె ఆగింది. పైకి చూస్తే బాగానే ఉంది, అక్కడక్కడా బెల్లం రంగు మచ్చలు తప్ప. పలకకి బిగించి, తడిపి, ఆకాశానికని పలచని నీలం లాగాను. రంగు నిలబడలేదు. పడ్డచోటే లోపలికి గుంజుకుపోయింది. ఒకచోట గాఢంగా, ఒకచోట వెలవెలబోతూ, మధ్యలో చుక్కలు చుక్కలుగా. నీటిరంగు కాగితానికి జెలటిన్ పూత ఉంటుంది, నీళ్లని పైన నిలబెట్టేది ఆ పూతే. సముద్రపు తేమలో ఏళ్ల తరబడి మగ్గితే పూత చచ్చిపోతుంది, కాగితం అద్దుడు కాగితమైపోతుంది. ఇది నాకు పుస్తకజ్ఞానంగా తెలుసు. పిల్లలకి చెప్పాను కూడా.

పటిక నీళ్లు పట్టించి చూశాను. జెలటిన్ కాచి పూసి ఆరబెట్టాను. కొంత నయం, కానీ మచ్చలు మచ్చలే. కొన్ని షీట్లు ఆ ప్రయత్నంలోనే పోయాయి. వపా గారి పొగమంచు పొరలు నా జన్మలో ఆ కాగితం మీద పడవని తేలిపోయింది. కాగితం ఒక్కటే కారణమైతే కొత్తది కొనుక్కునేవాణ్ణి. ఇప్పుడు డబ్బు పెడితే ఏ దేశపు కాగితమైనా ఇంటికొస్తుంది. కొన్నాను కూడా. కొత్త కాగితం మీద చెయ్యి కదల్లేదు. గళ్లు లేని తెల్లకాగితం ముందు, సర్వీసంతా రోజూ గీసిన చెయ్యి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోయింది. చాలా రోజులు అలా గడిచాయి. భోజనానికి పిలిస్తే కోపం వచ్చేది.

ఒక రోజు మధ్యగీత గియ్యకుండా కాగితం చుట్టూ అంచు గీశాను. ఎందుకో తెలియదు, సీతంపేట పిల్లాడు గుర్తొచ్చి అయ్యుండొచ్చు. అంచు గీశాక లోపల ఖాళీ కొంచెం తగ్గినట్టనిపించింది. మూలనుంచి ఏదో ఒకటి పెట్టుకుంటూ లోపలికి వచ్చాను. చేట, అరుగు స్తంభం, మేక. అది సవర బొమ్మ కాదు, కాకూడదు కూడా. వాళ్ల దేవుళ్లని నా గోడ మీద పెట్టుకునే హక్కు నాకు లేదు. చెయ్యి మొదలవ్వడానికి ఒక దారి దొరికింది, అంతే.

పూత చచ్చిన కాగితం నీటిరంగుకి పనికిరాదు కానీ బొగ్గుకి, చిక్కటి రంగుకి బాగా పనికొస్తుందని చేస్తూ చేస్తూ తెలుసుకున్నాను. బొగ్గుపుల్లని అది చక్కగా పట్టుకుంటుంది. ఎర్రమట్టి నూరి, సుద్ద కలిపి, తుమ్మబంకతో మెదిపి దళసరిగా వేస్తే మచ్చలు కనపడవు. దీపం మసితో నలుపు. ఎరుపు, తెలుపు, నలుపు, కాస్త పసుపు. క్రిమ్సన్ లేక్, ప్రష్యన్ బ్లూ నానబెట్టిన గిన్నెల్లోనే మళ్లీ ఎండిపోయాయి. వాటి అవసరం రాలేదు.

మా అప్పకి ఎనభై దాటాయి. ఈ మధ్య మా ఇంటికొచ్చి ఉంటే, మర్నాడే కూర్చోబెట్టి వాట్మన్ మీద వేశాను. ఆమె చేతి మీదా పచ్చబొట్టుంది, చర్మం ముడతలు పడి గీతలు చెదిరాయి. "అమ్మదీ నీదీ ఒకటేనా అప్పా?" అని అడిగాను. "కాదురా, అమ్మది వేరు. నాకు పొడిచినమ్మి వేరు" అంది. కాసేపాగి, "ఎంతసేపు కూకోమంటావు, నడుం పట్టేత్తంది. ఆ కాయితం ఏటి అలా మరకలైపోనాది, మంచిది లేదేటి?" అని అడిగింది. ఇదే మంచిదని చెప్పాను. బొమ్మలో ముక్కు కొంచెం పక్కకి పోయింది. చెయ్యి మాత్రం చూసింది చూసినట్టు వచ్చింది, ప్రతి చుక్కా లెక్కపెట్టి వేశాను. మా అమ్మ చెయ్యి కాదది. అమ్మ చెయ్యి ఇంక రాదు.

ఇంకా రెండు షీట్లు మిగిలాయి. ఒకటి ఈ ఏటి సిరిమానుకి. మూడు లాంతర్ల దగ్గర తెలిసినాయన మేడ మీద చోటిస్తానన్నాడు, వాన పడితే గొడుగు పట్టుకోవడానికి మనవణ్ణి తీసుకెళ్తాను. రెండోదాని మీద నిన్న మా మనవరాలు కంచం బోర్లించి పెన్సిల్‌తో చుట్టూ గుండ్రంగా గీసేసింది. సూర్యుడట. చెరపలేదు. సూర్యుడు అంత పెద్దగా, అంత కిందికి వచ్చేశాక మిగతావాళ్లకి చోటెక్కడ సర్దాలా అని చూస్తున్నాను. పొద్దున్న ఎర్రమట్టి నానబెట్టాను.